క్లాసులో 'తేడా' అన్న మాట వినబడితే: హైస్కూలు, ఇంటర్ టీచర్ల కోసం

ఏ హైస్కూలు వరండాలో నిలబడినా కాసేపట్లో ఈ మాట చెవిన పడుతుంది: "వాడు తేడా రా." నడక కాస్త మెత్తగా ఉన్నా, గొంతు ఇంకా ముదరకపోయినా, ఆటల పీరియడ్‌లో అమ్మాయిల పక్కన కూర్చుని కబుర్లు చెప్పినా చాలు, ఆ పేరు అతుక్కుంటుంది. ఊరిని బట్టి మాట మారుతుంది. పాయింట్ ఫైవ్ అంటారు, ఆడంగి అంటారు, ఇంకా ముతకవీ ఉన్నాయి. క్రాపు కొట్టించుకుని క్రికెట్ ఆడే అమ్మాయిని మగరాయుడు అనడం సగం మెచ్చుకోలుగా మొదలై, ఇంటర్‌కి వచ్చేసరికి వెక్కిరింతగా మారుతుంది.

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చెప్పే టీచర్లకు, హాస్టల్ వార్డెన్లకు పనికొచ్చేలా ఇది రాస్తున్నాం. ఒక్కటి ముందే అనుకోండి. ఏ పిల్లాడు ఏమిటో కనిపెట్టడం మీ పని కాదు. ఎవరైనా సరే భయం లేకుండా కూర్చునేలా క్లాసు నడపడం మీ పని. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ దానికోసమే.

ముందు మీకు తేటగా ఉండాల్సినవి

ఒక మనిషి గురించి నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి. పుట్టినప్పుడు ఒళ్ళు చూసి ఆసుపత్రిలో ఏమని రాశారు? లోపల తనను తాను ఎవరని అనుకుంటున్నారు? బట్టలు, జుట్టు, నడక, మాటతీరు ఎలా ఉన్నాయి? మనసు ఎవరి మీదకు పోతుంది? వీటిలో ఏ ఒక్కదాని జవాబు తెలిసినా మిగతా మూడూ తెలిసినట్టు కాదు. మెత్తగా మాట్లాడే అబ్బాయికి అమ్మాయిలంటేనే ఇష్టం ఉండొచ్చు. కబడ్డీ జట్టు కెప్టెన్‌కి అబ్బాయిలంటే ఇష్టం ఉండొచ్చు. అబ్బాయని రాసిన బిడ్డ తాను అమ్మాయినని గట్టిగా ఎరిగి ఉండొచ్చు. అది ట్రాన్స్‌జెండర్ కావడం. ఎవరిమీద మనసు పడుతుందన్నది అక్కడ కూడా వేరే ప్రశ్నే. ఇంటర్‌సెక్స్ అంటే మళ్ళీ ఇంకొకటి: పుట్టుకతోనే శరీర లక్షణాలు ఆడ, మగ అనే మామూలు లెక్కలో ఇమడకపోవడం. పిల్లల వెక్కిరింతలన్నీ ఈ నాలుగు ప్రశ్నలను ఒక్క ముద్దగా చేసినవే. ముద్ద విడదీస్తే సగం క్లాసు అయినట్టే.

బోర్డు మీద 'లింగం' అని రాయకండి. ఆ మాటకు తెలుగులో వ్యాకరణం, శరీరం, శివాలయం మూడూ తగులుతాయి, వెనక బెంచీ నుంచి కిసుక్కుమన్న నవ్వుతో పీరియడ్ పోతుంది. 'జెండర్' అని తెలుగు అక్షరాల్లో రాస్తే సరిపోతుంది, పిల్లలకు తెలిసిన మాటే.

హిజ్రా అన్నది ట్రాన్స్‌జెండర్‌కి ఇంకో పేరు కాదు. గురువు, చేలా (శిష్యురాలు) వరసలతో నడిచే ఒక సమాజం అది. ట్రాన్స్ మహిళలందరూ అందులో ఉండరు. ఆడపిల్లగా నమోదై మగవాడిగా బతికే ట్రాన్స్ పురుషులూ ఉన్నారు, వాళ్ళ ఊసు మన దగ్గర ఎవరూ ఎత్తరు. తెలంగాణ పిల్లలైతే బోనాల్లో కనిపించే శివసత్తుల గురించి తప్పకుండా అడుగుతారు. శివసత్తు అంటే దేవుడి కొలువులో ఒక స్థానం. ఆడవాళ్ళూ ఉంటారు, మగవాళ్ళుగా పుట్టి చీర కట్టేవాళ్ళూ ఉంటారు. చీర చూసి వాళ్ళ జెండర్ ఏమిటో మనం తేల్చలేం. ఇంతే చెప్పి ముందుకు పోండి. బృహన్నల సంగతీ వస్తుంది. అజ్ఞాతవాసంలో అర్జునుడు ఒక ఏడాది పాటు వేసిన వేషం అది, ట్రాన్స్‌జెండర్ వ్యక్తి జీవితం ఏడాది వేషం కాదు. మాట మొదలుపెట్టడానికి పురాణం పనికొస్తుంది, నిర్వచనానికి పనికిరాదు. క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉంటారని కూడా గుర్తుంచుకోవాలి.

"ఈ వయసులో ఇవన్నీ మామూలే, పోతాయి" అనొద్దు. పదమూడేళ్ళకే ఖాయంగా తెలిసిన పిల్లలుంటారు, ఇరవై దాటినా తేలని వాళ్ళుంటారు. పోతుందని మీరూ చెప్పలేరు, పోదనీ చెప్పలేరు.

ఒక్క పీరియడ్ నడిపే పద్ధతి

45 నిమిషాలు చాలు, కానీ రెండు రోజుల ముందు నుంచి పని ఉంటుంది. హెడ్మాస్టరుకో ప్రిన్సిపాలుకో ముందే ఒక పేజీ రాసి చూపించండి: ఏం చెప్పబోతున్నారు, ఏం చెప్పరు. ఏం చెప్పరన్నది ముఖ్యం. లైంగిక చర్యల గురించి ఈ పీరియడ్‌లో ఏమీ ఉండదు, విషయం గౌరవం, వేధింపు. ఈ కాగితం లేకుండా మొదలుపెడితే తల్లిదండ్రుల్లో ఒక్కరు గొడవ చేసినా మీ వెనక ఎవరూ నిలబడరు. ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన టీచర్ల శిక్షణ పుస్తకమే 2021లో అభ్యంతరాలు రాగానే వెబ్‌సైట్ నుంచి మాయమైంది. మీ క్లాసు అంతకంటే గట్టిదేమీ కాదు.

సోమవారం చీటీలు తీసుకోండి, బుధవారం క్లాసు పెట్టండి. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే నలభై మందికి అయిదు కాగితాలు సరిపోతాయి. అన్నీ ఒకే సైజు, అందరూ నీలం పెన్ను, పేరు రాయకూడదు. ప్రశ్న లేనివాళ్ళు "ప్రశ్న లేదు, క్లాసు బాగా జరగాలి" అని రాయాలి. ఈ వాక్యం మీరే బోర్డు మీద రాసి పెట్టండి. ఎందుకంటే అందరి పెన్నూ కదలాలి. ఇద్దరే రాస్తుంటే, ఎవరు రాశారన్నది ప్రశ్నకంటే పెద్ద వార్త అయిపోతుంది. చీటీలు నాలుగు మడతలు పెట్టించి, సుద్దముక్కల డబ్బాలో వేయించి, మీరే తీసుకెళ్ళండి. క్లాస్ లీడర్ చేతికి ఇవ్వకండి.

అప్పటికప్పుడు క్లాసులో విప్పి చదవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మూడోదో నాలుగోదో విప్పగానే తోటి పిల్లాడి పేరు ఉంటుంది, "ఫలానావాడు అదేనా సార్?" అని. మీ ముఖం మారిందా, క్లాసుకు అర్థమైపోతుంది. ఇంటి దగ్గర చదవండి. పేర్లున్నవి పక్కన పెట్టండి. ఆ పేరు గల పిల్లాడిని ఎవరో లక్ష్యం చేసుకున్నారని మీకు తెలిసింది, అది వేరేగా చూసుకోవాల్సిన పని. మిగతా వాటిలో ఆరో ఏడో ప్రశ్నలు ఎంచి, వాటిని మీ మాటల్లోకి మార్చి రాసుకోండి. మాటతీరును బట్టి కూడా పిల్లలు ఒకరినొకరు పోల్చుకుంటారు. తర్వాత చీటీలు చింపేయండి.

పీరియడ్‌లో మొదటి 5 నిమిషాలు మూడు కట్టుబాట్లు చెప్పండి: ఇక్కడ ఎవరి పేరూ ఎత్తం, ఎవరినీ "నువ్వేంటి" అని అడగం, విన్నది బయట వెక్కిరింతకు వాడం. తర్వాత 10 నిమిషాలు ఆ నాలుగు ప్రశ్నలు. ఆ తర్వాత 15 నిమిషాలు మూడు సందర్భాలు, రోల్ నంబర్ల ప్రకారం అయిదుగురేసి గుంపులుగా. స్నేహితులను బట్టి గుంపులు కట్టనిస్తే ఒంటరి పిల్లాడు అక్కడే బయటపడతాడు. సందర్భాలు మీ బడిలో జరిగేవే తీసుకోండి. వార్షికోత్సవం నాటికలో నవ్వించడానికి మెత్తటి అబ్బాయి చేతే ప్రతిసారీ ఆడవేషం వేయించడం. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరి ఫొటోకో బొట్టూ గాజులూ పెట్టి తిప్పడం. స్నేహితుడు నమ్మి చెప్పిన సంగతిని ఇంకొకడు కూపీ లాగడం. "నువ్వు ఆ పక్కన ఉన్నవాడివైతే ఏం చేస్తావు?" అని అడగండి. బాధితుడివైతే అని అడిగితే జాలి కథలు వస్తాయి, పక్కనున్నవాడివైతే అంటే పనికొచ్చే జవాబులు వస్తాయి.

చివరి 15 నిమిషాలు చీటీల ప్రశ్నలు. ఎక్కువగా వచ్చేవి ఇవే.

"ఇది జబ్బా?" కాదు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మన దేశంలో మానసిక వైద్యుల సంఘం ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో ఇది జబ్బు కాదని ప్రకటించింది. ట్రాన్స్‌జెండర్ కావడాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితా మానసిక రుగ్మతల కింద పెట్టలేదు. ఎందుకు వస్తుందంటే, ఒక్క కారణమని శాస్త్రం తేల్చలేదు. అక్కచెల్లెళ్ళ మధ్య పెరగడం వల్లో, స్నేహాల వల్లో అంటుకుంటుందనడానికి ఆధారం లేదు.

"నేరం కదా?" 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసి ఉండే వయోజనుల విషయంలో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 377 చెల్లదంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు ఆ సెక్షనే లేదు.

"మరి పెళ్ళి?" ఇద్దరు మగవాళ్ళ పెళ్ళికో ఇద్దరు ఆడవాళ్ళ పెళ్ళికో చట్టంలో గుర్తింపు లేదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఆ పని పార్లమెంటుదంది. ట్రాన్స్ మహిళ ఒక పురుషుణ్ణి పెళ్ళాడే హక్కు మాత్రం ఉందని అదే తీర్పు చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మీ ఇష్టాయిష్టాలు కలపకండి.

"హిజ్రాలు రైల్లో డబ్బులెందుకు అడుగుతారు?" ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఇంట్లోంచి వెళ్ళగొట్టాక, బడి మధ్యలో ఆగాక, పని ఇచ్చేవాళ్ళు లేక. నిజాం కాలపు హైదరాబాద్ రాష్ట్రంలో 1329 ఫస్లీ (సుమారు 1919) నాటి నపుంసకుల చట్టం వీళ్ళ పేర్లతో పోలీసు రిజిస్టర్ పెట్టమంది, వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో! పని దొరికినచోట చేస్తూనే ఉన్నారు. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు చేరారు, హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలో ట్రాన్స్‌జెండర్ అసిస్టెంట్లు కూడళ్ళలో నిలబడుతున్నారు.

క్లాసు నవ్వుతుంది. మొదటి నవ్వును పట్టించుకోకండి, అది ఇబ్బంది నవ్వు. మూడో నిమిషంలో కూడా ఒక మూల నుంచే నవ్వు వస్తూ, అందరి కళ్ళూ ఒకే పిల్లాడి మీదకు పోతుంటే అది వేట. అక్కడ విషయం ఆపి, బోర్డు మీద ఇంకో సందర్భం రాసి, అందరి చేతా రాయించండి. తలలు పుస్తకాల్లోకి దిగుతాయి.

చేయకూడనిది ఒకటుంది, మంచి మనసుతోనే చేస్తారు: "మీలో ఎవరైనా ఇలా ఉంటే ధైర్యంగా చెప్పండి" అనడం. ఒక్కరు చేయెత్తినా ఆ సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది.

వరండాలో పది సెకన్లు

మాట మీ చెవిన పడింది. పిల్లలు మీ ముఖం చూస్తున్నారు. వినబడనట్టు నడిచిపోతే అనుమతి ఇచ్చినట్టు. కొట్టినా, మోకాళ్ళ మీద నిలబెట్టినా, అదే మాట హాస్టల్లో రెట్టింపు కసితో పడుతుంది. ఆగండి, అన్నవాడి వైపు చూడండి, మామూలు గొంతుతో: "ఆ మాట ఇక్కడ వద్దు రా. నాలుగింటికి స్టాఫ్ రూమ్‌కి రా, మాట్లాడదాం." అంతే. అక్కడ ఉపన్యాసం వద్దు.

పడ్డ పిల్లాడిని వెనకేసుకొస్తూ టీచర్లు అనే మాట "వాడు అలాంటోడు కాదురా, మంచోడు". దీనివల్ల రెండు నష్టాలు. అలాంటివాళ్ళు మంచివాళ్ళు కారని మీరే ముద్ర వేశారు. వాడు నిజంగానే అలాంటివాడైతే, ఈ బడిలో ఇక నోరు విప్పకూడదని ఆ క్షణమే తెలుసుకుంటాడు. "ఎవరైతే ఏంటి, వెక్కిరించడం కుదరదు" అంటే చాలు. పడ్డవాడిని అందరి ముందు "ఏం నాన్నా, బాధపడ్డావా" అని కూడా అడగొద్దు. తర్వాత పుస్తకాలు మోసుకురమ్మనో, రికార్డులు సర్దమనో పిలిచి, ఒంటరిగా అడగండి.

స్టాఫ్ రూమ్‌కి వచ్చినవాడితో మూడు ప్రశ్నలు సరిపోతాయి: ఏమన్నావు, ఎందుకు అన్నావు, వాడింకా ఎన్నాళ్ళు నీతో చదవాలి. సారీ బలవంతంగా చెప్పించకండి. ఒక నోటు పుస్తకంలో తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగా, ఎవరెవరున్నారు, ఇవి రాయండి. పడ్డవాడి జెండర్ గురించి, ఇష్టాల గురించి అందులో ఒక్క అక్షరం ఉండకూడదు. ఆ పుస్తకం రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు. అదే పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ప్రిన్సిపాల్ దాకా తీసుకెళ్ళండి. తెలుగు రాష్ట్రాల్లో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో అయితే యూజీసీ 2016లో చేసిన సవరణ ప్రకారం జెండర్ మీద, లైంగిక ఇష్టాల మీద వేధించడం కూడా ర్యాగింగే. ర్యాగింగ్ ఫిర్యాదులకు ఫోన్ నంబరు 1800 180 5522.

ఫోన్లో తిరిగే ఫొటోలకైతే ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే డిలీట్. కంగారులో డిలీట్ చేయిస్తే రుజువు పోతుంది.

పిలుపు దగ్గర తెలుగు ఇచ్చే వెసులుబాటు

తెలుగులో 'నువ్వు', 'మీరు' అన్నవాటికి ఆడా మగా లేదు. చిక్కంతా మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు: వచ్చాడు, వచ్చింది. ట్రాన్స్ మహిళను 'వాడు' అనడం ఒక దెబ్బ, 'అది' అనడం ఇంకో దెబ్బ. చెల్లెలినో కూతురినో చనువుగా అనే 'అది' వేరు, పరాయి మనిషిని వస్తువులా అనే 'అది' వేరు, వినేవాళ్ళకు తేడా తెలుస్తుంది. దారి మన వ్యాకరణంలోనే ఉంది: "తను వచ్చారు", "వాళ్ళు చెప్పారు". గౌరవ రూపం అందరికీ ఒకటే. కాకపోతే క్లాసులో అందరినీ 'వాడు', 'అది' అంటూ ఒక్కరినే 'వారు' అంటే వేలు పెట్టి చూపించినట్టే. హాజరు పిలిచేటప్పుడు, జవాబు మెచ్చుకునేటప్పుడు అందరికీ బహువచనమే వాడండి, వారంలో అలవాటైపోతుంది. "ఒరేయ్", "ఒసేయ్" మానేసి పేరుతో పిలవండి. ఆ పిల్లలు తమను ఎలా పిలవమంటారో ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. దాంతోపాటే అడగాల్సింది: "అందరి ముందూ అలాగే పిలవనా, మనిద్దరి మధ్యేనా?" ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏ పేరు వాడాలో కూడా అప్పుడే తేల్చుకోండి. ఎక్కువసార్లు గుట్టు బయటపడేది ఈ ఫోన్ దగ్గరే.

ఒక పిల్లో పిల్లాడో మీకు చెబితే

మొదటి వాక్యం ముందే సిద్ధంగా పెట్టుకోండి: "నన్ను నమ్మి చెప్పావు, మంచిది. ఇంకెవరికైనా తెలుసా?" రెండో ముక్కను బట్టి వాళ్ళు ఎంత ఒంటరిగా ఉన్నారో మీకు తెలుస్తుంది. "ఖాయమేనా?", "ఎప్పటినుంచి?", "ఎవరితోనైనా ఏమైనా జరిగిందా?" అని అడగకండి. మూడోది మీ కుతూహలం, వాళ్ళ అవసరం కాదు.

"నేనెవరికీ చెప్పను" అని గుడ్డిగా ఒట్టు వేయొద్దు. "నువ్వెవరన్నది ఎవరికీ చెప్పను. కానీ నిన్ను ఎవరైనా లైంగికంగా వేధించినా, నీ ప్రాణానికి ముప్పు ఉన్నా ఆగను, నీకు చెప్పే ముందుకెళ్తాను" అనండి. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలియజేయడం మీ విధి. గే కావడమో, ట్రాన్స్ కావడమో ఆ కోవలోకి రాదు, దాన్ని ఎవరికీ రిపోర్ట్ చేయాల్సిన పని లేదు. స్టాఫ్ రూమ్‌లో తోటి టీచరుకు కూడా చెప్పకండి, ఎంత దగ్గరివాళ్ళయినా.

చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని ఆలోచిస్తున్నావా? ఎలా అని కూడా అనుకున్నావా?" అడగడం వల్ల ఆలోచన పుట్టదు. అవునంటే ఆ రోజు ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి పక్కన కూర్చుని ఫోన్ చేయించండి, రాత్రయినా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో కొడుతున్నా, గదిలో పెట్టి తాళం వేసినా పిల్లల హెల్ప్‌లైన్ 1098.

తల్లిదండ్రులతో

పిల్లల అనుమతి లేకుండా ఈ విషయం మీద వాళ్ళను పిలిపించకండి. "మీ వాడి నడవడిక తేడాగా ఉంది, చూసుకోండి" అని డైరీలో రాసిన ఒక్క వాక్యంతో చదువు ఆగిపోతుంది. వాళ్ళే తెలిసి వస్తే ముందు వినండి. "నలుగురిలో ఎలా తలెత్తుకోవాలి" అంటారు, "పెళ్ళి చేస్తే సర్దుకుంటుంది" అంటారు. తాయెత్తు, ముడుపులు, ఆ తర్వాత "మార్చేసే" డాక్టరు, ఇదీ వరస. మార్చేస్తానని వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకు రాసింది. ఇది చెప్పండి, డాక్టర్ల మాటగా చెబితే వింటారు. పెళ్ళి విషయంలో ఇంకొక ఇంటి బిడ్డ బతుకు కూడా ఉందని గుర్తుచేయండి. ఆ ఒక్క మాటకు చాలామంది తల్లులు ఆగుతారు. ఒక్క కూర్చోవడంలో ఒప్పించాలని చూడకండి. ఆ రోజుకు కొట్టం, చదువు మాన్పించం అన్న రెండు మాటలు తీసుకుంటే చాలు.

గదులు, రిజిస్టర్లు

గడియ సరిగా పడే, ఒక్కరే వెళ్ళే టాయిలెట్ ఒకటి అందరికీ అని ఉంచండి. 'ట్రాన్స్‌జెండర్' అని బోర్డు పెడితే ఎవరూ వాడరు. వేధింపు జరిగేది ఇంటర్వెల్ పది నిమిషాల్లోనే, క్లాసు మధ్యలో వెళ్ళడానికి అడిగితే పంపండి. నీళ్ళు తాగడం మానేసే పిల్లలను గమనించండి, టాయిలెట్‌కి వెళ్ళకుండా ఉండటానికి అలా చేస్తారు. హాస్టల్లో గది మార్పు అడిగితే కారణం రాయించకండి.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019 ప్రకారం విద్యాసంస్థలు వివక్ష చూపకూడదు, ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించాలి. గుర్తింపు పత్రం జిల్లా కలెక్టర్ నుంచి వస్తుంది. దరఖాస్తు వివరాలు మారుతుంటాయి, కేంద్రం పోర్టల్‌లో చూసుకుని చెప్పండి. పేరు మార్చుకోవాలనే ఆలోచన ఉండి, ఇంట్లో ఒప్పుకున్నవాళ్ళుంటే, పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే అడ్మిషన్ రిజిస్టర్ సంగతి చూడమనండి. మెమో మీద ఒక పేరు పడ్డాక ఇంటర్, ఎంసెట్ స్థానంలో వచ్చిన పరీక్షలు, పాస్‌పోర్టు అన్నీ దాన్నే పట్టుకుంటాయి, ప్రతిచోటా మళ్ళీ మళ్ళీ సంజాయిషీ ఇచ్చుకోవాలి.